చెన్నారెడ్డి పాలన.. జగిత్యాల, సిరిసిల్లకు రెండు అనుభవాలు

జగిత్యాల: వైద్యవిద్య అభ్యసించి రాజకీయాల్లో స్థిరపడిన డాక్టర్ మర్రి చెన్నారెడ్డి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు రెండు పర్యాయాలు ముఖ్యమంత్రిగా పనిచేశారు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల ప్రజలకు ఆ రెండు పర్యాయాలూ రెండు భిన్న అనుభవాలను మిగిల్చాయి. మొదటిసారి ఇక్కడ కల్లోలిత ప్రాంతాల చట్టం అమలులోకి రాగా, రెండోసారి సభలు, ఊరేగింపులపై ఆంక్షలు సడలాయి.

చెన్నారెడ్డి 1919 జనవరి 13న నేటి వికారాబాద్ జిల్లా సిరిపురంలో జన్మించారు. హైదరాబాద్‌లో వైద్యవిద్య చదివి 1941లో ఎంబీబీఎస్ పట్టా పొందారు. నిజాం పాలన నాటి ప్రజా ఉద్యమాలు ఆయనను రాజకీయాల వైపు నడిపించాయి. 1952లో వికారాబాద్ నుంచి హైదరాబాద్ రాష్ట్ర శాసనసభకు ఎన్నికై, బూర్గుల రామకృష్ణారావు మంత్రివర్గంలో స్థానం సంపాదించారు. 1956 ఫిబ్రవరిలో కుదిరిన పెద్దమనుషుల ఒప్పందంపై తెలంగాణ పక్షాన సంతకం చేసిన నలుగురిలో ఆయన ఒకరు.

1967లో కేంద్రంలో ఉక్కు, గనుల శాఖ మంత్రి అయ్యారు. అయితే తాండూరు నుంచి ఆయన ఎన్నిక చెల్లదని 1968లో హైకోర్టు తీర్పునివ్వడంతో పదవిని వదులుకోవలసి వచ్చింది. ఆరేళ్లపాటు ఎన్నికల్లో పోటీచేసే అర్హతనూ కోల్పోయారు. ఆ మరుసటి ఏడాదే ప్రత్యేక తెలంగాణ ఉద్యమం ఉవ్వెత్తున లేచింది. తెలంగాణ ప్రజా సమితి పగ్గాలు చేపట్టిన చెన్నారెడ్డి జైలుకు కూడా వెళ్లారు. 1971 లోక్‌సభ ఎన్నికల్లో తెలంగాణలోని 14 స్థానాలకుగాను సమితి 10 గెలుచుకున్నది. కరీంనగర్ స్థానం కూడా వాటిలో ఉన్నది. అదే ఏడాది సమితిని కాంగ్రెస్‌లో విలీనం చేయడం పలువురు ఉద్యమకారులను తీవ్ర నిరాశకు గురిచేసింది.

1974 నుంచి 1977 వరకు ఉత్తరప్రదేశ్ గవర్నరుగా ఉన్న ఆయన 1978 మార్చిలో ముఖ్యమంత్రి పదవి చేపట్టారు. అప్పటికే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాల్లో వెట్టిచాకిరీ రద్దు, పాలేర్ల జీతాలు, కూలిరేట్ల పెంపు, దొరల ఆధీనంలోని బంజరు భూముల కోసం రైతుకూలీ సంఘాలు సంఘటితమవుతున్నాయి. 1978 సెప్టెంబర్ 7న వేలాది మంది రైతుకూలీలు జగిత్యాలలో ప్రదర్శన జరిపారు. అదే జగిత్యాల జైత్రయాత్రగా ప్రసిద్ధికెక్కింది. మరుసటి నెలలోనే ప్రభుత్వం ఈ రెండు తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఐదుగురు లేక అంతకు మించి గుమికూడితే కాల్పులు జరిపించే అధికారం ఎస్సై స్థాయి వరకు దక్కింది. పల్లెల్లో పోలీసు శిబిరాలు వెలిశాయి. కూలిరేట్ల తగాదా శాంతిభద్రతల సమస్యగా మారింది. 1980 ఏప్రిల్‌లో పీపుల్స్‌వార్ పార్టీ ఏర్పడేనాటికి దానికి ఇక్కడి పల్లెల్లో పునాది ఉన్నది. అదే ఏడాది అక్టోబర్‌లో చెన్నారెడ్డి పదవి నుంచి దిగిపోయారు.

1989 డిసెంబర్‌లో ఆయన మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. ఈసారి నక్సలైట్ల పట్ల వైఖరి మార్చుకొని బహిరంగ సభలకు వీలు కల్పించారు. 1990లో వరంగల్‌లో జరిగిన రైతుకూలీ సంఘం మహాసభకు లక్షలాది జనం తరలివచ్చారు. ఏళ్ల తరబడి సభ పెట్టుకోలేని పల్లెలకు అది ఊరట. కానీ ఆ సడలింపు ఎంతోకాలం నిలువలేదు. హైదరాబాద్ మతకలహాల నేపథ్యంలో 1990 డిసెంబర్‌లో చెన్నారెడ్డి రాజీనామా చేశారు. 1992లో తదుపరి ప్రభుత్వం పీపుల్స్‌వార్‌ను నిషేధించింది.

అనంతరం రాజస్థాన్, తమిళనాడు గవర్నరుగా సేవలందించిన ఆయన, తమిళనాడు గవర్నరుగా ఉండగానే 1996 డిసెంబర్ 2న కన్నుమూశారు. హైదరాబాద్‌లోని మానవ వనరుల అభివృద్ధి సంస్థ ఆయన పేరుతో నడుస్తున్నది.

పట్టుదల గల పాలకుడిగా చెన్నారెడ్డికి చరిత్రలో స్థానమున్నది. అయితే మొదట ప్రయోగించిన చట్టం గానీ, తరువాత ఇచ్చిన సడలింపు గానీ ఈ ప్రాంత రైతుకూలీలు లేవనెత్తిన భూమి, కూలి ప్రశ్నలను పరిష్కరించలేదు. ఆ రెండింటి నడుమ దశాబ్దానికి పైగా నలిగిపోయినవి ఇక్కడి పల్లెలే. జగిత్యాల, సిరిసిల్ల 2016లో జిల్లా కేంద్రాలయ్యాయి. ఆయన జీవితాన్ని స్మరించుకునేటప్పుడు ఈ పల్లెల అనుభవాన్ని కూడా లెక్కలోకి తీసుకోవడం న్యాయం.