ఆల్బర్ట్ ష్వైట్జర్: చర్చిల్లో ఆర్గాన్ వాయించారు.. ఆ డబ్బుతో అడవిలో ఆసుపత్రి నడిపారు!

ఆఫ్రికా అడవిలో ఆసుపత్రి.. నోబెల్ శాంతి బహుమతి.. ఆల్బర్ట్ ష్వైట్జర్ అనగానే చాలామందికి గుర్తొచ్చేవి ఈ రెండే. కానీ ఆ ఆసుపత్రికి మందులు ఎక్కడి నుంచి వచ్చేవి? రోగులకు పెట్టే తిండికి డబ్బులు ఎవరిచ్చేవారు? వైద్యం కోసం వచ్చేవాళ్లలో చాలామంది చేతిలో పైసా ఉండేది కాదు. అరటి గెలో, నాలుగు గుడ్లో తెచ్చి ఇచ్చేవాళ్లు.

ఆ ఖర్చులో పెద్ద భాగం ఆయన పది వేళ్లు, రెండు పాదాలు సంపాదించి పెట్టాయి. ఎందుకంటే ష్వైట్జర్ డాక్టర్ కాకముందే యూరప్‌లో పేరున్న ఆర్గాన్ కళాకారుడు. కచేరీలు చేశారు. రికార్డులు ఇచ్చారు. విమర్శకుల మెప్పు పొందారు. ఆ మెప్పునే మందులుగా మార్చారు.

ఇంతకీ ఆర్గాన్ అంటే ఏంటి?

మనకు తెలిసిన హార్మోనియంలో గాలి తగిలి రీడ్లు మోగుతాయి. చర్చిల్లో ఉండే ఆర్గాన్‌లో గాలి పైపుల్లోకి వెళ్తుంది. వేలెడంత పైపులుంటాయి, మనిషి కంటే ఎత్తైనవీ ఉంటాయి. పెద్ద ఆర్గాన్‌లో వీటి సంఖ్య వేలల్లోనే. కళాకారుడి ముందు రెండు, మూడు, ఒక్కోసారి ఐదు కీబోర్డులు ఒకదానిపై ఒకటి మెట్లలా ఉంటాయి. కాళ్ల కింద ఇంకో వరుస. చేతులు ఒక స్వరం వాయిస్తుంటే పాదాలు మరో స్వరం వాయించాలి.

ఈ వాద్యానికి అందరికంటే గొప్ప సంగీతం రాసిన వ్యక్తిగా జర్మన్ స్వరకర్త బాఖ్‌ను చెబుతారు. 1750లో చనిపోయారు. ష్వైట్జర్ జీవితమంతా ఆయన సంగీతం చుట్టూనే తిరిగింది.

తొమ్మిదేళ్లకే చర్చిలో వాయిద్యం

1875 జనవరి 14న అల్సాస్ ప్రాంతంలోని కైజర్స్‌బర్గ్‌లో ష్వైట్జర్ పుట్టారు. అప్పట్లో అది జర్మనీ చేతిలో ఉంది. ఇప్పుడు ఫ్రాన్స్‌లో ఉంది. తండ్రి పాస్టర్. గున్స్‌బాఖ్ అనే పల్లెలో పెరిగారు. ఎనిమిదేళ్లకి ఆర్గాన్ ముందు కూర్చున్నారు. తొమ్మిదేళ్లకి ఊరి చర్చిలో అసలు వాద్యకారుడు రాని రోజున ఆయన బదులు వాయించేశారు.

18 ఏళ్లప్పుడు ప్యారిస్ వెళ్లి షార్ల్ మారీ విడోర్ దగ్గర శిష్యరికం మొదలుపెట్టారు. సెయింట్ సుల్పీస్ చర్చి ఆర్గానిస్టు విడోర్ అంటే ఆ రోజుల్లో చాలా పెద్ద పేరు. అయితే ఇక్కడ ఒక చిత్రం జరిగింది. బాఖ్ రాసిన కొన్ని రచనలు విడోర్‌కి సరిగా అర్థమయ్యేవి కావు. ఉన్నట్టుండి ఆ మలుపులు ఎందుకు వస్తాయో తెలిసేది కాదు. వాటి వెనక ఉన్న జర్మన్ కీర్తనల మాటలు చూస్తే సంగతి తేలిపోతుందని శిష్యుడు చెప్పారు. మాటల్లో ఏ భావం ఉందో స్వరాల్లో అదే బొమ్మ కట్టిందని ఒక్కో కీర్తనా విప్పి చూపించారు. గురువుకే కొత్త దారి కనిపించింది. దీన్ని పుస్తకంగా రాయమని విడోర్ పట్టుబట్టారు.

అలా 1905లో ఫ్రెంచ్‌లో బాఖ్‌పై పుస్తకం వచ్చింది. జర్మన్‌లో రాయమంటే అనువదించకుండా మళ్లీ మొదటి నుంచి రాశారు. 1908లో వచ్చిన ఆ పుస్తకం మొదటిదాని కంటే చాలా పెద్దది. బాఖ్‌ను లెక్కల మాస్టారిలా చూసే అలవాటు పోయి, స్వరాలతో బొమ్మలు గీసే కవిగా చూడటం పెరిగింది. సంగీత ప్రపంచంలో ష్వైట్జర్ పేరు గట్టిగా నిలబడింది ఈ పుస్తకంతోనే.

30 ఏళ్లకు యూటర్న్

అన్నీ ఉన్నాయి. స్ట్రాస్‌బర్గ్ యూనివర్సిటీలో మతశాస్త్రం పాఠాలు చెప్పే ఉద్యోగం. చర్చిలో ప్రసంగాలు. ప్యారిస్ బాఖ్ సొసైటీ కచేరీల్లో ఆర్గాన్. అలాంటి టైమ్‌లో 1905లో బాంబు పేల్చారు.. డాక్టర్ చదివి ఆఫ్రికా వెళ్తానని!

నిజానికి ఇది అప్పటికప్పుడు తీసుకున్న నిర్ణయం కాదు. 30 ఏళ్ల వరకు చదువుకీ సంగీతానికీ, ఆ తర్వాత మనుషుల సేవకీ అని 21 ఏళ్లప్పుడే మనసులో గీత గీసుకున్నారు. గాబన్‌లో పనిచేసేవాళ్లు చాలడం లేదని ఒక మిషన్ పత్రికలో చదివాక ఎక్కడికి వెళ్లాలో తేలింది. బంధువులు, స్నేహితులు వద్దన్నారు. విడోర్ గట్టిగానే మందలించారు. ఆయన వినలేదు.

మెడికల్ చదువులో కూడా ఆర్గానే ఆదుకుంది. 1911లో మ్యూనిక్‌లో జరిగిన ఒక సంగీత ఉత్సవంలో విడోర్ రచనకు ఆర్గాన్ వాయించారు. అక్కడ వచ్చిన డబ్బుతోనే వైద్య పరీక్ష ఫీజు కట్టారు.

కోళ్ల గూడులో మొదటి క్లినిక్

1913లో భార్య హెలెన్‌తో కలిసి గాబన్‌లోని లాంబరేనె చేరుకున్నారు. ఒగోవే నది ఒడ్డున ఉన్న మిషన్ కేంద్రం అది. హెలెన్ కూడా నర్సింగ్ నేర్చుకునే వెళ్లారు. ఆపరేషన్లప్పుడు మత్తు ఇచ్చేది ఆవిడే. రోగుల్ని చూడటానికి గది లేకపోతే పాత కోళ్ల గూడును శుభ్రం చేసి సున్నం వేయించి అందులోనే మొదలుపెట్టారు. మలేరియా, కుష్టు, నిద్రజబ్బు, విరేచనాలు, హెర్నియా.. మొదటి తొమ్మిది నెలల్లోనే దాదాపు 2,000 మందిని చూశారు.

ఇక సంగీతం సంగతి? దాన్ని వదిలేసుకోవాల్సిందేనని మొదట్లో మనసు సిద్ధం చేసుకున్నారు. కానీ ప్యారిస్ బాఖ్ సొసైటీ మిత్రులు ఊరుకోలేదు. ఆ వేడికీ తేమకీ తట్టుకునే ఒక పియానో చేయించి ఇచ్చారు. కింద ఆర్గాన్‌లో ఉన్నట్టే కాళ్లతో వాయించే పెడల్స్ పెట్టించారు. జింక్ రేకు వేసిన పెట్టెలో సముద్రం దాటింది. నదిలో ఒకే చెట్టు మానును తొలిచి చేసిన పెద్ద పడవ మీద లాంబరేనె చేరింది.

పగలంతా రోగులు. పని అయ్యాక ఆ పియానో. కచేరీల హడావుడి లేదు. చప్పట్లు లేవు. ఒక్కో రచన తీసుకుని నెమ్మదిగా, లోతుగా, నోట్స్ చూడకుండా వాయించేంత వరకు సాధన చేశారు. తర్వాత కాలంలో విమర్శకులు మెచ్చుకున్న ఆ నిదానం చాలావరకు ఇక్కడే తయారైందని చెప్పుకోవచ్చు.

టేబుల్ మీద సాధన

1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. గాబన్ ఫ్రాన్స్ వలస. ష్వైట్జర్ దంపతులు పుట్టుకతో జర్మన్ పౌరులు. అంతే.. శత్రుదేశీయులంటూ కాపలా పెట్టారు. 1917లో ఫ్రాన్స్‌కు తీసుకెళ్లి క్యాంపులో ఉంచారు. అక్కడ ఏ వాద్యమూ లేదు. ఆయన టేబుల్‌నే కీబోర్డు అనుకున్నారు. నేలను పెడల్స్ అనుకున్నారు. శబ్దమే లేకుండా ఆర్గాన్ సాధన చేశారు.

1918లో విడుదలయ్యారు. ఆరోగ్యం పాడైంది. ఆసుపత్రి కోసం చేసిన అప్పులు మెడ మీద ఉన్నాయి. లాంబరేనె ముగిసిన కథే అనుకున్నారు.

అప్పుడే స్వీడన్ నుంచి పిలుపొచ్చింది. 1920లో ఉప్సాలాలో ఉపన్యాసాలు ఇవ్వడానికి ఆర్చ్‌బిషప్ సోడర్‌బ్లోమ్ ఆహ్వానించారు. అప్పుల సంగతి తెలిసి, మా దేశంలో ఆర్గాన్ కచేరీలు చేయండని సలహా ఇచ్చారు. స్వీడన్ చర్చిల్లో మంచి పాత ఆర్గాన్లు ఉన్నాయి. ఆ ధ్వని ష్వైట్జర్‌కి ప్రాణం. కొన్ని వారాల్లోనే తీర్చక తప్పని అప్పులు తీరిపోయాయి. మళ్లీ లాంబరేనె వెళ్లగలననే ధైర్యం అక్కడే వచ్చింది. 1924లో వెళ్లారు. మూడేళ్లలో ఆసుపత్రిని ఇంకా విశాలమైన చోటికి మార్చారు.

అక్కడి నుంచి ఒక పద్ధతి ఏర్పడింది. కొన్నేళ్లు అడవిలో వైద్యం.. తర్వాత యూరప్ వచ్చి దేశదేశాల్లో కచేరీలు, ఉపన్యాసాలు.. డబ్బు కూడగట్టుకుని మళ్లీ అడవికి. ప్రతి కచేరీకీ ముందు ఆ చర్చి ఆర్గాన్‌తో గంటల తరబడి గడిపేవారు. ఏ పైపుల వరుస ఎక్కడ వాడాలో చూసుకుంటేగానీ జనం ముందు కూర్చునేవారు కాదు.

రికార్డుల్లో ఏముంది?

1935లో లండన్ టవర్ పక్కనున్న ఆల్ హాలోస్ చర్చిలో కొలంబియా కంపెనీ కోసం బాఖ్ రచనలు రికార్డు చేశారు. తర్వాతి ఏడాది స్ట్రాస్‌బర్గ్‌లోని సెయింట్ ఆరేలీ చర్చిలో మరికొన్ని. అప్పటి రికార్డులో ఒక వైపు నాలుగైదు నిమిషాలకు మించి పట్టేది కాదు. పెద్ద రచనను ముక్కలు చేసి వాయించాలి. అయినా వేగం మారకూడదు, ఊపు తగ్గకూడదు.

విమర్శకులు మెచ్చుకున్నది ప్రధానంగా మూడు విషయాల్ని. ఒకటి, తొందర లేకపోవడం. వేగం చూపించి ఆశ్చర్యపరిచే ప్రయత్నమే ఉండదు. రెండు, స్పష్టత. నాలుగు స్వరాలు ఒకేసారి నడుస్తున్నా నాలుగూ విడివిడిగా వినిపిస్తాయి. మూడు, పాత ఆర్గాన్ల ధ్వనిపై పట్టు. ఫ్యాక్టరీల్లో తయారయ్యే భారీ ఆర్గాన్లు శబ్దం ఎక్కువ, అందం తక్కువ అని ఆయన 1906లోనే చిన్న పుస్తకం రాసి పోరాడారు. స్ట్రాస్‌బర్గ్ సెయింట్ థామస్ చర్చిలోని సిల్బర్‌మన్ ఆర్గాన్‌ను తీసేయకుండా అడ్డుపడి కాపాడారు.

అందరూ పొగిడారని కాదు. వేగం మరీ తక్కువని, లయ అక్కడక్కడా సాగిపోతుందని అన్నవాళ్లున్నారు. 75 దాటాక గున్స్‌బాఖ్ చర్చిలో చేసిన రికార్డుల్లో వేళ్లకు వయసు తెలుస్తుంది. బాఖ్ స్వరాల్లో బొమ్మలున్నాయన్న ఆయన సిద్ధాంతాన్ని తర్వాతి పరిశోధకులు పూర్తిగా ఒప్పుకోలేదు. మహానుభావుడు కాబట్టి మెచ్చుకున్నారా, వాయిద్యం బాగుండి మెచ్చుకున్నారా అనే అనుమానం ఎవరికైనా వస్తుంది. దానికి జవాబు టైమ్‌లైన్‌లోనే ఉంది. నోబెల్ రావడానికి చాలా ముందే, ఆయన ఆఫ్రికా వెళ్లకముందే సంగీత ప్రపంచం ఆయన్ని గుర్తించింది.

ఇంకో విశేషం.. 1940లో జర్మన్ బాంబు దాడిలో ఆల్ హాలోస్ చర్చి తగలబడింది. ఆర్గాన్ కూడా పోయింది. ఆ వాద్యం ఎలా మోగేదో ఇప్పుడు తెలియాలంటే ష్వైట్జర్ లాంటివాళ్ల రికార్డులే దిక్కు.

మన రాధాకృష్ణన్‌తో వాదన

భారతీయ తత్వంపై కూడా ష్వైట్జర్ పుస్తకం రాశారు. అహింసను మెచ్చుకుంటూనే, మన ఆలోచన లోకాన్ని కాదనుకునే వైపు మొగ్గుతుందని విమర్శించారు. దీనికి దీటుగా జవాబిచ్చింది ఎవరో కాదు, 1930ల్లో ఆంధ్రా యూనివర్సిటీ వైస్ ఛాన్సలర్‌గా చేసిన సర్వేపల్లి రాధాకృష్ణన్. 1939లో వచ్చిన తన పుస్తకంలో ష్వైట్జర్ వాదనను ఒక్కో పాయింటూ తీసుకుని ఎదుర్కొన్నారు.

ఆఫ్రికా విషయంలోనూ ష్వైట్జర్‌పై విమర్శలున్నాయి. అక్కడివాళ్లను తమ్ముళ్లలా, తనను పెద్దన్నలా చూసుకునే వలసపాలన ధోరణి ఆయన రాతల్లో కనిపిస్తుంది. ఆసుపత్రి పాతకాలం పద్ధతుల్లో నడుస్తోందని చూసొచ్చినవాళ్లు రాశారు. ఆయన చేసిన పని ఎంత నిజమో ఈ విమర్శా అంతే నిజం.

చివరి వరకు అక్కడే

1952 నోబెల్ శాంతి బహుమతి ఆయనకు దక్కింది. ఆ డబ్బు కుష్టు రోగుల కోసం కడుతున్న ఇళ్లకు వెళ్లింది. 1957లో అణు పరీక్షలు ఆపాలంటూ ఆయన చేసిన విజ్ఞప్తిని ఓస్లో రేడియో ప్రసారం చేసింది.

1965 సెప్టెంబర్ 4న లాంబరేనెలోనే కన్నుమూశారు. వయసు 90. ఆసుపత్రి ఆవరణలోనే సమాధి చేశారు. తర్వాత కొన్నేళ్లు ఆసుపత్రి బాధ్యతను కూతురు రేనా చూసుకున్నారు. ఆ ఆసుపత్రి ఇప్పటికీ నడుస్తోంది.

ఆయన రికార్డులు ఇప్పుడు ఫోన్‌లోనే దొరుకుతాయి. 1935లో లండన్‌లో వాయించిన బాఖ్ టొకాటా అండ్ ఫ్యూగ్ ఇన్ డి మైనర్ వెతికి వినండి. సినిమాల్లో భయపెట్టే సీన్లకు వాడే ఆ ఆర్గాన్ ట్యూన్ మీకు తెలిసిందే. ష్వైట్జర్ చేతిలో అది భయపెట్టదు. గరగరమనే పాత శబ్దం వెనక, తొందరపడని ఒక డాక్టర్ వాయిస్తున్నట్టు వినిపిస్తుంది.