తాళం గట్టిదే.. తాళంచెవే చిన్నది: హోర్స్ట్ ఫైస్టెల్ జీవితం

సీ భాషలో సెట్‌కీ, ఎన్‌క్రిప్ట్ అనే రెండు పాత ఫంక్షన్లు ఉన్నాయి. మొదటిది రహస్య కీని స్వీకరిస్తుంది. రెండోది 64 బిట్ల సమాచారాన్ని గూఢలిపిలోకి మారుస్తుంది. ఒక చిన్న సూచిక విలువను 0 నుంచి 1కి మారిస్తే అదే ఫంక్షన్ గూఢలిపిని విప్పుతుంది కూడా. మూయడానికీ తెరవడానికీ ఒకే యంత్రాంగం చాలునన్న ఈ ఆలోచన హోర్స్ట్ ఫైస్టెల్‌ది.

ఫైస్టెల్ 1915 జనవరి 30న బెర్లిన్‌లో జన్మించారు. హిట్లర్ అధికారానికి వచ్చిన మరుసటి ఏడాది, 1934లో అమెరికాకు వలస వెళ్లి భౌతికశాస్త్రం అభ్యసించారు. అమెరికా రెండో ప్రపంచ యుద్ధంలో ప్రవేశించాక, జర్మనీలో పుట్టిన కారణంగా ఆయన రాకపోకలపై ఆంక్షలు పడ్డాయి. 1944 జనవరి 31న పౌరసత్వం లభించడంతో పరిస్థితి మారింది. అనంతరం వైమానిక దళ కేంబ్రిడ్జ్ పరిశోధన కేంద్రంలో, ఎదురయ్యే విమానం మిత్రుడిదో శత్రువుదో గుర్తించే వ్యవస్థలపై పనిచేశారు. నిన్నటి వరకూ అనుమానితుడిగా ఉన్న వ్యక్తికి అప్పగించిన పని అది.

ఎంఐటీ లింకన్ ప్రయోగశాల, మైటర్ సంస్థల తరువాత ఆయన ఐబీఎంలో చేరారు. అక్కడే లూసిఫర్ రూపుదిద్దుకుంది. సమాచారాన్ని బ్లాకులుగా విడగొట్టి, ప్రతి బ్లాకునూ రెండు సగాలు చేస్తారు. ఒక సగాన్ని కీతో కలిపి మార్చి, ఆ ఫలితాన్ని రెండో సగంలో మిళితం చేస్తారు. తరువాత సగాల స్థానాలు మారుస్తారు. ఇలా పలుమార్లు జరుగుతుంది. ఉపకీలను వెనుక నుంచి ముందుకు వాడితే అవే మెట్లు అసలు సమాచారాన్ని తిరిగి ఇస్తాయి. దీనినే నేడు ఫైస్టెల్ నిర్మాణం అంటున్నారు.

ఆయన దృష్టి సైనిక రహస్యాలకే పరిమితం కాలేదు. పౌరుల వివరాలు కంప్యూటర్లలో పోగుపడుతున్నాయని, వాటికి రక్షణ అవసరమని 1973 మేలో సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో రాసిన వ్యాసంలో వివరించారు. ఎన్‌క్రిప్షన్ సైన్యాల గుత్తసొత్తుగా ఉన్న రోజుల్లో సామాన్య పాఠకుల ముందుకు ఆ చర్చ రావడమే విశేషం.

లూసిఫర్ ఆధారంగా ఐబీఎం రూపొందించిన డెస్‌ను అమెరికా ప్రభుత్వం 1977 జనవరిలో ప్రమాణంగా ప్రకటించింది. లూసిఫర్‌లో 128 బిట్ల కీ ఉన్న రూపం ఉండగా, డెస్‌లో అది 56 బిట్లకు కుదించుకుపోయింది. ఈ నిర్ణయంలో జాతీయ భద్రతా సంస్థ ఎన్ఎస్ఏ పాత్ర ఉంది. సెట్‌కీ 64 బిట్లు తీసుకున్నా ప్రతి ఎనిమిదో బిట్‌ను వదిలేస్తుంది. మిగిలేవి 56 మాత్రమే. డిఫీ, హెల్‌మన్ అనే పరిశోధకులు కీ చాలా చిన్నదని అప్పుడే హెచ్చరించారు.

ఫైస్టెల్ 1990 నవంబరు 14న కన్నుమూశారు. ఆ హెచ్చరిక 1998లో నిజమైంది. ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ నిర్మించిన యంత్రం ఒక డెస్ కీని 56 గంటల్లో కనిపెట్టింది. అందుకు నిర్మాణంలోని లోపమేదీ అక్కరకు రాలేదు. సాధ్యమైన సుమారు 72 వేల లక్షల కోట్ల కీలను వరుసగా ప్రయత్నించడమే సరిపోయింది. 2005లో డెస్ ప్రమాణాన్ని ఉపసంహరించారు.

లినక్స్‌లో విరివిగా వాడే జీలిబ్‌సీ గ్రంథాలయం 2018లో వచ్చిన 2.28 వెర్షన్ నుంచి ఆ ఫంక్షన్లను కొత్త ప్రోగ్రాములకు అందించడం మానేసింది. అంతకుముందే తయారైన ప్రోగ్రాములకు మాత్రం ఆ వెర్షన్‌లో అవి పనిచేస్తూనే ఉన్నాయి. అలాంటిచోట ఎవరి వివరాలున్నా, వాటికి కాపలా ఆ 56 బిట్లే. కొత్తగా రాసేవారు ఏఈఎస్ వంటి నేటి ప్రమాణాన్ని, నమ్మదగిన గ్రంథాలయం ద్వారా వాడుకోవడం మేలు. ఫైస్టెల్ నిర్మాణానికి మాత్రం కాలం చెల్లలేదు. బ్లోఫిష్, కమీలియా వంటి తరువాతి సైఫర్లు దానిపైనే నిలబడ్డాయి. ఆయన కోరిన రక్షణ నెరవేరాలంటే తాళానికి తగిన తాళంచెవి కూడా ఉండాలి.