యానాం ముద్దుబిడ్డ దడాల రఫేల్ రమణయ్య

భారతదేశ పటంలో ఆంధ్రప్రదేశ్ తీరాన్ని జాగ్రత్తగా చూడండి. కాకినాడకు దక్షిణంగా, గౌతమీ గోదావరి సముద్రంలో కలవబోయే చోట ఒక చిన్న చుక్క కనిపిస్తుంది. అదే యానాం. వైశాల్యం సుమారు 30 చదరపు కిలోమీటర్లు. అక్కడి వారు మాట్లాడేది తెలుగు. చుట్టూ ఉన్నది ఆంధ్రప్రదేశ్. కానీ పాలన మాత్రం ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న పుదుచ్చేరిది. ఈ వింత ఎలా వచ్చిందో తెలియాలంటే దడాల రఫేల్ రమణయ్య గారి జీవితం తెలుసుకోవాలి.

ఫ్రెంచి వర్తకులు 1723లో యానాంలో అడుగుపెట్టారు. ఆ తర్వాత ఇంగ్లీషువారికీ ఫ్రెంచివారికీ ఎన్నో యుద్ధాలు జరిగాయి. 1763లో పారిస్‌లో కుదిరిన సంధి ప్రకారం ఫ్రాన్సు కెనడాను ఇంగ్లండుకు వదులుకుంది. అదే సంధి భారతదేశంలోని పుదుచ్చేరి, యానాం వంటి వర్తక స్థావరాలను ఫ్రాన్సుకు తిరిగి ఇప్పించింది. అంటే ఒకే కాగితం మీద కెనడాలోని క్విబెక్ ప్రజలు ఇంగ్లీషు రాజు పాలనలోకి వెళ్ళారు, గోదావరి ఒడ్డున ఉన్న తెలుగువారు ఫ్రెంచి రాజు పాలనలోకి వచ్చారు. మీకేం కావాలని ఇద్దరినీ ఎవరూ అడగలేదు.

రమణయ్య గారు 1908 జూన్ 30న యానాం దగ్గరి ఫరంపేటలో పుట్టారు. ఆ రోజుల్లో యానాం పిల్లలకు ఇంట్లో ఒక భాష, కచేరీలో ఒక భాష. అమ్మ పిలిచేది తెలుగులో. కోర్టు కాగితాలూ సర్కారు ఉత్తర్వులూ ఫ్రెంచిలో. నాలుగడుగులు వేసి సరిహద్దు దాటితే బ్రిటిష్ ఇండియా, అక్కడ సర్కారు భాష ఇంగ్లీషు. చట్టాలు కూడా వేరే. బాల్య వివాహాలను అరికట్టే శారదా చట్టం 1930లో బ్రిటిష్ ఇండియాలో అమలులోకి వచ్చింది. అది యానాంలో చెల్లదు. దాంతో చుట్టుపక్కల జిల్లాలవారు చిన్నపిల్లల పెళ్ళిళ్ళు చేయడానికి బళ్ళు కట్టుకుని యానాం వచ్చేవారు. ఒక గీత అటూ ఇటూ మనుషుల జీవితాలను ఎంతగా మార్చగలదో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

రమణయ్య గారు పెద్దయ్యాక ఫ్రెంచి ప్రభుత్వ పోలీసు శాఖలో అధికారిగా పనిచేశారు. ఇంటి భాష తెలుగు, కొలువు భాష ఫ్రెంచి, పుదుచ్చేరి వీధుల్లో వినబడేది తమిళం. ఊరు మారినప్పుడల్లా కొత్త భాష చెవిన పడే మీకు ఆ పరిస్థితి కొత్తగా అనిపించదు. ఫ్రెంచి ఉద్యోగం అంటే ఆనాడు జీతం, గౌరవం రెండూ ఉన్నట్టే. ఆ నీడలో ఆయన నిశ్చింతగా బతికి ఉండవచ్చు.

1947 ఆగస్టు 15న దేశమంతా స్వాతంత్ర్యం వచ్చిందని పండుగ చేసుకుంది. యానాంలో మాత్రం ఫ్రెంచి జెండాయే ఎగురుతూ ఉంది. కాకినాడలోని బంధువులు స్వతంత్ర భారత పౌరులు, యానాంలోని అన్నదమ్ములు పరాయి పాలనలోని ప్రజలు. బెంగాల్‌లోని చందర్‌నగర్ ప్రజలు 1949లో ఓటు వేసి భారత్‌లో కలుస్తామన్నారు. మిగిలిన నాలుగు స్థావరాలైన పుదుచ్చేరి, కారైకాల్, మాహె, యానాంల సంగతి తేలలేదు. భారత ప్రభుత్వం సరిహద్దుల్లో సుంకాల కాపలా పెట్టింది. సరుకుల రాకపోకలు కష్టమయ్యాయి. దాని భారం మోసింది సామాన్యులే.

ఈ దశలో రమణయ్య గారు తన పూర్వపు యజమానులకే ఎదురు నిలిచారు. ఆయన తేల్చుకోవలసిన ప్రశ్న తేలికైనది కాదు. తాను నేర్చుకున్న భాష, చేసిన ఉద్యోగం, చదివిన చట్టం అన్నీ ఫ్రెంచివి. అయినా ఒక భాషను గౌరవించడం వేరు, ఆ భాషవారి పాలనకు తలవంచడం వేరు అని ఆయన జీవితం చూపించింది. ఫ్రెంచి పాలన పోవాలని పోరాడారు. తన స్వీయచరిత్రకు కూడా ఫ్రెంచి ఇండియా విముక్తి పోరాటమే విషయం.

1954లో ఉద్యమం ఊపందుకుంది. పుదుచ్చేరి పక్కనున్న నెట్టపాకం, తిరుభువనై ప్రాంతాలు విలీనవాదుల చేతికి వచ్చాయి. అక్కడి పోరులో రమణయ్య గారు ముందు నిలిచారు. తర్వాత ఆయన దృష్టి సొంత ఊరి మీదికి మళ్ళింది. ఆయన కాకినాడ వైపు వచ్చి విలీనం కోరే వారిని కూడగట్టారు. యానాం మేయరు మద్దింశెట్టి సత్యానందం వంటి స్థానిక నాయకులు కలిసివచ్చారు. 1954 జూన్ 13న స్వచ్ఛంద సేవకులు యానాంలోకి నడిచారు. ఆ రోజు తుపాకులు పేలాయి, ప్రాణాలు పోయాయి. చివరికి ప్రభుత్వ భవనం మీద మూడు రంగుల జెండా ఎగిరింది. ఆ తొలి రోజుల్లో యానాం పాలన బాధ్యతను రమణయ్య గారే చూశారు.

అదే సంవత్సరం అక్టోబరు 18న పుదుచ్చేరి దగ్గరి కీళూరులో ప్రజా ప్రతినిధులు ఓటు వేశారు. 178 మందిలో 170 మంది భారత్‌లో కలవడానికి ఒప్పుకున్నారు. నవంబరు 1న ఫ్రాన్సు పాలనను భారత్‌కు అప్పగించింది. 1956లో ఒప్పందం జరిగింది, 1962 ఆగస్టు 16న చట్టరీత్యా విలీనం పూర్తయింది. కోరుకున్నవారు ఫ్రెంచి పౌరులుగానే ఉండవచ్చని ఆ ఒప్పందంలో వీలు కల్పించారు. అలా ఉండిపోయిన కుటుంబాలు పుదుచ్చేరిలో ఈనాటికీ ఉన్నాయి.

యానాంను ఆంధ్రలో కలపకపోవడానికి కారణం కూడా ఆ ఒప్పందమే. అక్కడి ప్రజల అభిప్రాయం తెలుసుకోకుండా ఈ ప్రాంతాల రాజ్యాంగ స్థితిని మార్చకూడదని అందులో రాసుకున్నారు. 1763లో ఎవరూ అడగని ప్రశ్నను అడగాలని 1956లో ఒప్పుకున్నారన్నమాట.

క్విబెక్ కథ మరోలా నడిచింది. అక్కడ ఫ్రెంచి ప్రజల ఇంటి భాష. రెండు వందల ఏళ్ళకు పైగా ఇంగ్లీషు మధ్యలో ఉన్నా వారు దాన్ని వదలలేదు. కెనడా 1969లో రెండు భాషలకూ సమాన హోదా ఇచ్చింది, 1977లో క్విబెక్ తన పాఠశాలలకూ కార్యాలయాలకూ ఫ్రెంచిని ప్రధానం చేసుకుంది. యానాంలో ఫ్రెంచి కచేరీ భాష మాత్రమే. పాలకులు వెళ్ళగానే అది పలచబడింది. రెండు శతాబ్దాల పరాయి పాలన తర్వాత కూడా తెలుగు మాత్రం అక్కడే ఉంది. రెండు చోట్లా నిలిచినది అమ్మ మాట్లాడిన భాషే.

రమణయ్య గారు 1991 మే 5న కన్నుమూశారు. వైశాలిలో ఉంటూ హిందీలో ఆడుకుని ఇంగ్లీషులో పరీక్ష రాసే మన తెలుగు పిల్లలకు ఆయన జీవితం ఒక ధైర్యం. ఎన్ని భాషలైనా నేర్చుకోవచ్చు, ఎక్కడైనా కొలువు చేయవచ్చు. మన ఊరు ఏదని అడిగితే తడబడకుండా చెప్పగలిగితే చాలు. ఈసారి వేసవి సెలవుల్లో కాకినాడ వైపు వెళితే పాతిక ముప్పై కిలోమీటర్లు అటు నడవమని నాన్నగారిని అడగండి. గోదావరి ఒడ్డున ఆ చిన్న ఊరిని చూసిరండి.