ఈస్టు మర్మమెరిగిన లూయీ పాశ్చర్

రాత్రి రుబ్బిన పిండి తెల్లవారుసరికి పులిసి పొంగుట మన విద్యార్థులందరు ఎరిగినదే. పులియుట వెనుక కంటికి కానరాని ప్రాణులు కలవని నిరూపించిన లూయీ పాశ్చర్ చరిత్రమును మేమిచట సంగ్రహముగా తెలుపుచున్నాము.

ఆయన 1822 డిసెంబరు 27న ఫ్రాన్సు దేశమందలి డోల్ పట్టణమున జన్మించెను. తండ్రి తోళ్లు పదును చేయువాడు. 1842లో పట్టపరీక్ష నిచ్చినపుడు పరీక్షకులు రసాయనశాస్త్రమున ఆయనను సామాన్యునిగనే లెక్కించిరి. మార్కులు తగ్గినవని చింతించు పిల్లలును, వారి తల్లిదండ్రులును ఈ సంగతి గుర్తుంచుకొనవలెను.

1854లో పాశ్చర్ లీల్ నగరమున ఆచార్యుడయ్యెను. 1856లో అచ్చట బీట్‌దుంపల నుండి సారాయి తీయు కర్మాగారమున సరకు చెడిపోగా, యజమాని ఆయన సాయము కోరెను. పాశ్చర్ తొట్లలోని రసమును సూక్ష్మదర్శినితో పరీక్షింపసాగెను. పులియుటకు జీవముతో పని లేదని లీబిగ్ వంటి మహాపండితులు వాదించు దినములవి. అది సజీవమైన ఈస్టు చేయు పనియని పాశ్చర్ నిరూపించెను. సారాయితోపాటు కొద్దిపాటి గ్లిసరిన్ కూడ పుట్టుచున్నదని 1858లో కనుగొనెను.

1861లో మరియొక విశేషము తేలెను. గాలి ధారాళముగా తగిలినచో ఈస్టు విరివిగా పెరుగును, సారాయి తగ్గును. గాలి లేనిచో ఈస్టు కొద్దిగా పెరుగును, చక్కెర అధికముగా సారాయిగా మారును. దీనికే పాశ్చర్ ప్రభావమని పేరు.

1859 మొదలు 1866 లోపల ఆయన ముగ్గురు కుమార్తెలను పోగొట్టుకొనెను. 1868లో పక్షవాతము వలన ఎడమభాగము చచ్చుబడెను. అయినను పరిశోధన మానలేదు. 1876లో బీరును గూర్చి గ్రంథము ప్రకటించెను. 1885లో పిచ్చికుక్క కాటునకు టీకా వేసి ఒక బాలుని కాపాడెను. 1895 సెప్టెంబరు 28న కీర్తిశేషుడయ్యెను.

ఆయన చూపిన మార్గము నేటికిని ఫలించుచున్నది. గ్లిసరిన్, జైలిటాల్ మున్నగునవి చక్కెర ఆల్కహాలులు. తియ్యగానుండును, మత్తు కలిగింపవు. మొక్కజొన్న కండెల నుండి తీయు జైలోస్ అను చక్కెరను కొన్ని కాండిడా జాతి ఈస్టులు జైలిటాలుగా మార్చును. గాలి మిక్కుటమైనచో ఈస్టు ఆ జైలిటాలును తానే వాడుకొని పెరుగును. బొత్తిగా లేనిచో శక్తి చాలక పని కుంటుపడును. కావున శాస్త్రజ్ఞులు ప్రాణవాయువును కొలిచి మితముగా అందింతురు.

సారాయి తొట్టిలో కొద్దిపాటి గ్లిసరిన్‌ను సైతము ఉపేక్షింపని ఆ చూపును మన పిల్లలు అలవరచుకొందురని ఆశించుచున్నాము.