బందరు బడి తలుపు – రాబర్టు నోబుల్ జీవితము

మచిలీపట్టణమునకు బందరు అను పేరు ఓడరేవును బట్టి కలిగినది. 1611వ సంవత్సరమున ఆంగ్ల వర్తకులు ఈ తీరమున దిగి గిడ్డంగి కట్టుకొనిరి. డచ్చివారును ఫ్రెంచివారును ఇచ్చటనే వ్యాపారము సాగించిరి. ఇచ్చటి అద్దకపు బట్టలు ఓడలకెక్కి దూరదేశములకు పోయెను. 1759లో ఆంగ్లేయులు ఫ్రెంచివారిని గెలిచి బందరు కోటను పట్టుకొనిరి. గిడ్డంగులు లేచెను, కోటగోడలు లేచెను, పరదేశీయుల సమాధులతో శ్మశానములు నిండెను. అయితే నేడు ఈ పట్టణపు జనుల నోట నిలిచియున్న ఆంగ్లేయుని పేరు వర్తకునిది కాదు, సేనానిది కాదు, ఒక బడిపంతులుది. ఆయనయే రాబర్టు టర్లింగ్టన్ నోబుల్.

ఆయన 1809వ సంవత్సరమున ఇంగ్లండు దేశమందలి లీస్టరు మండలములో ఫ్రిస్బీ అను చిన్న గ్రామమున ఒక సంఘకాపరి కుమారుడుగా జన్మించెను. కేంబ్రిడ్జిలోని సిడ్నీ ససెక్స్ కళాశాలలో విద్యనభ్యసించి గురువుగా అభిషేకము పొందెను. స్వదేశమున ఒక గ్రామ సంఘమును కాయుచు నెమ్మదిగా కాలము గడుపుటకు ఆయనకు వీలుండెను. కాని మచిలీపట్టణ ప్రాంతమున ఉద్యోగములు చేయుచుండిన కొందరు ఆంగ్ల క్రైస్తవులు తెలుగువారి మధ్యకు సేవకులను పంపవలెనని చర్చి మిషనరీ సొసైటీవారిని కోరుచు, అందులకు ధనము కూడ కూర్చిరి. ఆ పిలుపునకు లోబడి 1841లో ఇద్దరు ఓడనెక్కిరి. ఒకరు నోబుల్ గారు. రెండవవారు హెన్రీ వాట్సన్ ఫాక్సు గారు. ఫాక్సు గారికి అప్పటికి ఇరువది మూడేండ్లు మాత్రమే.

తెలుగు దేశమునకు అవి విత్తుకాలపు దినములు. విశాఖపట్టణమున లండను మిషనువారు 1805లోనే పని ప్రారంభించియుండిరి. 1836లో బౌడను, బీరు అను సోదరులు గోదావరి ప్రాంతమునకు వచ్చిరి. 1840లో నెల్లూరున బాప్తిస్టు మిషను, 1842లో గుంటూరున లూథరను మిషను వేరూనెను. ఈ వరుసలోనే 1841లో బందరు మిషను వెలసినది.

వచ్చిన ఇద్దరికిని వరములు వేరు. ఫాక్సు గారు పల్లెలు తిరిగి తిరునాళ్లలోను సంతలలోను సువార్త ప్రకటించెను. ఎండలకును జ్వరములకును ఆయన దేహము తాళలేదు. 1845లో భార్యను పోగొట్టుకొనెను; 1848లో ముప్పది యొకటవ ఏట స్వదేశమున తానును కన్నుమూసెను. ఆయన బాల్యమున చదివిన రగ్బీ పాఠశాలలోని మిత్రులు ఆయన జ్ఞాపకార్థముగా రాతి కట్టడమును కట్టలేదు. ఏటేట చందా కూర్చి, నోబుల్ గారి బడిలో ఒక ఉపాధ్యాయుని పోషించుటకు నిధి ఏర్పరచిరి. పల్లెలు తిరిగిన బోధకుని జ్ఞాపకము ఈ రీతిగా బడిలోని ఉపాధ్యాయ పీఠమైనది.

నోబుల్ గారి వరము బోధనము. వచ్చిన వెంటనే బడి తెరువక, రెండు సంవత్సరములు తెలుగు భాషను నేర్చుకొనుటకు వినియోగించి, 1843లో కొద్దిమంది బాలురతో బందరున ఆంగ్ల పాఠశాలను ప్రారంభించెను. కలకత్తాలో అలెగ్జాండరు డఫ్ గారు 1830లో ప్రారంభించిన విద్యాసేవయే ఆ కాలపు మిషనరీలనేకులకు మాదిరి. అగ్రవర్ణముల యువకులకు ఉన్నత విద్యతోపాటు వేదపాఠమును నేర్పినయెడల, వారి మూలముగా సువార్త దేశమంతట పారునని వారి ఆశ. నోబుల్ గారును ఆ ఆశతోనే పని చేసెను. ఆయన వివాహము చేసికొనలేదు. వచ్చినది మొదలు మరణము వరకు ఇరువది నాలుగేండ్లలో ఒక్కమారైనను స్వదేశమునకు తిరిగి పోలేదు. బడియే ఆయన కుటుంబము. విద్యార్థులే ఆయన బిడ్డలు.

ఒక కట్టడమును గూర్చి తెలిసికొనగోరువారు దాని పునాదిని, గోడలను, పైకప్పును పరీక్షింతురు. బడిని గూర్చి తెలిసికొనవలెననిన తలుపును కూడ పరీక్షింపవలెను: అది ఎవరికి తెరువబడినది, ఎవరికి మూయబడినది? ఇచ్చటనే నోబుల్ గారి చరిత్రలో మనము నిలిచి ఆలోచింపవలసిన సంగతి యున్నది. ఆయన బడిలో బ్రాహ్మణులు, వెలమలు మొదలగువారును మహమ్మదీయులును చేర్చుకొనబడిరి. మాల మాదిగల బిడ్డలు చేర్చుకొనబడలేదు. వారిని చేర్చుకొన్నచో పెద్ద కులములవారు తమ కుమారులను పంపరని ఆయన భయము. ఆ కాలమున ఆయన స్వదేశమందును ధనికుల బిడ్డలకు ఒక బడి, పేదల బిడ్డలకు మరియొక బడి యుండెను. కావున ఈ భేదము ఆయన కంటికి మనకు కనబడునంత ఘోరముగా కనబడియుండదు. అయినను తోటి మిషనరీలలో కొందరు ఆనాడే దీనిని ఒప్పుకొనలేదు.

వేరొక మార్గము లేదని చెప్పుటకును వీలులేదు. మద్రాసులో స్కాట్లండు మిషనుకు చెందిన జాన్ ఆండర్సను గారి బడిలో 1838లో ఇట్టి పరీక్షయే వచ్చెను. అస్పృశ్యులుగా ఎంచబడిన బాలురు కొందరు అచ్చట చేరగా, వారిని తీసివేయవలెనని, లేనియెడల వేరు బల్లమీద కూర్చుండబెట్టవలెనని తక్కిన బాలుర తలిదండ్రులు పట్టుబట్టిరి. ఆండర్సను గారు రెండింటికిని ఒప్పుకొనలేదు. అనేకులు బడి విడిచిపోయిరి, ఆయన చలింపలేదు. కొంతకాలమునకు బడి తిరిగి నిండెను. మద్రాసు సంగతి బందరుకు దూరమైనది కాదు. నోబుల్ గారు మాత్రము ఆ దారిని ఎన్నుకొనలేదు.

అయినను పెద్ద కులములవారి తృప్తికై కాపాడిన ఆ బడి, పెద్ద కులములవారి చేతనే ఖాళీ చేయబడు దినము వచ్చెను. 1852లో మంచాల రత్నము అను బ్రాహ్మణ యువకుడును, ఐనాల భూషణము అను వెలమ యువకుడును తాము క్రీస్తును వెంబడింపగోరుచున్నామని తెలిపి నోబుల్ గారి ఇంట ఆశ్రయము పొందిరి. పట్టణము అట్టుడికినట్లు ఉడికెను. జనులు గుంపులుగా వచ్చి ఇంటిని చుట్టుకొనిరి. బంధువులు ఏడ్చిరి, బ్రతిమాలిరి, బెదరించిరి. యువకులు వెనుదీయలేదు, బాప్తిస్మము పొందిరి. తలిదండ్రులు తమ కుమారులను బడి మాన్పించిరి. తొమ్మిదేండ్లు ఓర్పుతో కట్టిన బడి కొన్ని దినములలో ఖాళీ బల్లలతో మిగిలెను.

విద్యార్థులు పోవుదురను భయముతో ఏ తలుపును మూసెనో, ఆ భయము ఈ విధముగా నెరవేరెను. అయితే ఈసారి నోబుల్ గారు వెనుకకు చూడలేదు. ఇద్దరు ఆత్మల నిమిత్తము బడి అంతయు పోయినను పోనిమ్మని నిలిచెను. క్రమక్రమముగా బాలురు తిరిగి వచ్చిరి. 1855లో జాని ఆలీ అను మహమ్మదీయ యువకుడును విశ్వసించెను. ఆయన తరువాత కేంబ్రిడ్జిలో చదివి, తిరిగి వచ్చి బొంబాయిలోను కలకత్తాలోను తన జనుల మధ్య సేవ చేసెను.

ఇంకొక సంగతి కూడ చెప్పనిదే న్యాయము కాదు. బడి తలుపు యొద్ద ఒప్పుకొనిన భేదమును సంఘపు బల్ల యొద్ద నోబుల్ గారు ఎన్నడును ఒప్పుకొనలేదు. బాప్తిస్మము పొందినవాడు బ్రాహ్మణుడైనను సరే, కులమును పూర్తిగా విడిచి, సహోదరులందరితో కలిసి భుజింపవలసినదే. ఒకే మనిషి జీవితములో ఒక తలుపు మూయబడియుండగా మరియొకటి తెరువబడియుండెను. రెండింటికి మధ్యనున్న దూరమును ఆయన తన దినములలో దాటలేకపోయెను.

ఆ దూరమును దేవుడు మరియొక చోట దాటించెను. కృష్ణా ప్రాంతములోని రాఘవాపురమున పగోలు వెంకయ్య అను మాల కులస్థుడు ఉండెను. యౌవనమున దోపిడి గుంపునకు నాయకుడుగా తిరిగినవాడు. నడివయస్సున విగ్రహములను విడిచి నిజదేవుని వెదకసాగెను. బెజవాడలో అదే మిషనుకు చెందిన డార్లింగు గారు ఆయనకు సువార్త తెలిపి 1859లో ఆయనకును ఆయన వారికిని బాప్తిస్మమిచ్చెను. ఏ బడిలోను చదువని ఆ వెంకయ్య మూలముగా చుట్టుపట్ల పల్లెలలో వందలు, పిమ్మట వేలు క్రీస్తు చెంతకు వచ్చిరి. పైనుండి క్రిందికి పారునని జ్ఞానులు తలంచిన నీరు నేల అడుగునుండి ఊటగా ఉబికెను. నేటి ఆంధ్ర క్రైస్తవ సంఘములో అధిక భాగము ఆ ఊటకు సంబంధించినదే. అనగా నాడు బందరు బడిలో చోటు దొరకని జనుల సంతానమే.

1864వ సంవత్సరము నోబుల్ గారికి సంతోషమును దుఃఖమును తెచ్చెను. ఆ యేట రత్నము గారును భూషణము గారును గురువులుగా అభిషేకింపబడిరి. పండ్రెండేండ్ల క్రిందట ఆశ్రయము కోరి వచ్చిన బాలురు ఇప్పుడు సంఘమునకు కాపరులైరి. అదే సంవత్సరము నవంబరు 1వ తేదీ రాత్రి పెనుగాలితో సముద్రము ఉప్పొంగి పట్టణము మీద పడెను. బందరు నేల మిక్కిలి పల్లము. నీటిని ఆపుటకు ఎత్తైన గట్టు లేదు. దాదాపు 30,000 మంది ఆ ఉప్పెనలో నశించిరి. షార్కీ దంపతులు నడుపుచుండిన బాలికల వసతిగృహములో అనేకమంది బాలికలు నీటిపాలైరి. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనను ఎరిగినవారు ఆ రాత్రి ఎట్టిదో ఊహింపగలరు. మరుసటి యేడు దొరతనమువారు కోటలోని సైన్యమును తీసివేసిరి. ఒకప్పుడు రాజ్యములు పోరాడిన కోట పాడుపడసాగెను; బడి మాత్రము నిలిచెను.

నోబుల్ గారు ఉప్పెన తరువాత ఒక సంవత్సరమైనను జీవింపలేదు. 1865 అక్టోబరు 17న, అరువదేండ్లు నిండక మునుపే, తాను ప్రేమించిన బందరులోనే ప్రభువునందు నిద్రించెను. బడికి ఆయన పేరు నిలిచి, పిమ్మట అది నోబుల్ కళాశాలగా వృద్ధియైనది. రగ్బీ మిత్రుల నిధి మూలముగా వచ్చిన జాన్ షార్పు గారు ఆయన తరువాత బాధ్యత వహించెను. ఆ వరుసలోనే పనిచేసిన ఆర్థరు పూల్ గారు 1883లో జపాను దేశమునకు మొదటి ఆంగ్లికను బిషపు ఆయెను. ప్రధానోపాధ్యాయుడుగా నుండిన హాడ్జెస్ గారు తిరువాన్కూరు కొచ్చిను బిషపు ఆయెను. విద్యార్థులలో పట్టాభి సీతారామయ్య గారు, కృష్ణాపత్రిక సంపాదకులు ముట్నూరి కృష్ణారావు గారు దేశసేవలో ప్రసిద్ధులైరి. వారికి గురువైన రఘుపతి వేంకటరత్నము నాయుడు గారు ఆ కళాశాలలో బోధించి, పిదప కాకినాడలో అస్పృశ్యులుగా ఎంచబడిన బాలుర చదువునకు ఎంతయో పాటుపడెను. క్రైస్తవ సంఘములో చేరని ఆ బ్రహ్మసమాజ గురువు, బడి స్థాపకుడు విడిచిన పనిలో ఒక భాగమును చేసెననుట ఆలోచింపదగిన సంగతి.

కాలక్రమమున ఆ మూసిన తలుపును తెరువబడినది. 1950 జనవరి 26న అమలునకు వచ్చిన మన రాజ్యాంగము అస్పృశ్యతను రద్దుచేసినది. ప్రభుత్వ సహాయము పొందు విద్యాలయములు కులమును బట్టి ఎవరికిని ప్రవేశము నిరాకరింపరాదని శాసించినది.

చదువరులారా, ఇట్టి చరిత్రను ఎట్లు చదువవలెను? కొందరు మంచిని మాత్రమే చెప్పి, తలుపు సంగతి దాచుదురు. మరికొందరు తలుపు సంగతి మాత్రమే చెప్పి, ఇరువది నాలుగేండ్ల సమర్పణను మరచుదురు. వేదము మనకు ఈ రెండు దారులను నేర్పదు. అంతియొకయలో పేతురు అన్యజనులతో కలిసి భుజించుచుండి, యూదులు వచ్చినప్పుడు వారికి భయపడి బల్ల యొద్దనుండి తొలగిపోయెను. పౌలు అందరి యెదుట ఆయనను గద్దించెను. లేఖనము పేతురు తప్పును దాచలేదు. ఆ తప్పును బట్టి పేతురును త్రోసివేయనులేదు. నోబుల్ గారిని గూర్చియు మనము అట్లే తలంచుట తగును. ఆయన సమర్పణకై దేవుని స్తుతింతము. ఆయన భయమును మనకు హెచ్చరికగా ఉంచుకొందము.

ఏలయనగా ఆ భయము ఆయనతో సమాధి కాలేదు. మంచి కుటుంబములవారు రారేమోనని మనము కూడ తలుపులు మూయుచున్నాము. క్రైస్తవ నామము ధరించిన ఎన్నో బడులలో కులమును బట్టి ఎవరిని ఆపరు; కాని రుసుమును బట్టి ఆపుదురు. మందిరములో అందరు ఒకే రొట్టెను పుచ్చుకొందురు; పెండ్లిమాట వచ్చినప్పుడు కులమును తడవుదురు. పల్లెనుండి వచ్చిన కుటుంబము పట్టణ సంఘములో వెనుక బల్లను తానే వెదకుకొనును, ముందు బల్ల చూపువారు లేక. ఈ తలుపులకు గడియ కనబడదు గనుక ఇవి మూయబడియున్నవని లోపలివారు ఎరుగరు, బయటనున్నవారు ఎరుగుదురు.

బందరు తీరమున గిడ్డంగులు పోయెను, కోట శిథిలమైనది, ఉప్పెనలు వచ్చి పోయెను. ఒక పంతులు విద్యార్థులకిచ్చిన ప్రేమ నిలిచెను. భయపడి ఆయన మూసిన తలుపును దేవుడు రాఘవాపురమువైపు నుండి తెరచెను. మన చేతులలో నున్న బడులకు, మందిరములకు, ఇండ్లకు ఉన్న తలుపులను ఈ నూతన సంవత్సరమున ఒక్కమారు బయట నిలిచి చూచుదము. లోపలికి రావలసిన బిడ్డ ఒకడు ఆ గడప యొద్ద నిలిచియుండవచ్చును.