ఐదుసార్లు ఊరు విడిచినా మాట విడువని అతనాసియస్

(మే 2న వర్ధంతి)

గుంటూరు, కృష్ణా, గోదావరి జిల్లాల్లోని లూథరన్, సి.ఎస్.ఐ. దేవాలయాల్లో సంస్కారపు ఆరాధన జరిగేటపుడు సంఘమంతా లేచి నిలబడి నైసియా విశ్వాస ప్రమాణం చెప్పడం కద్దు. క్రీస్తుకు, తండ్రియైన దేవునికి తత్వం ఒక్కటేనన్నది అందులో ముఖ్యమైన మాట. ఆ మాట నిలబడడానికి 45 ఏళ్లు బిషప్పుగా పాటుపడి, అందులో సుమారు 17 ఏళ్లు ప్రవాసంలో గడిపిన మహనీయుడు అతనాసియస్. ఈజిప్టు దేశంలోని అలెగ్జాండ్రియా ఆయన ఊరు. 373లో మే 2న కన్నుమూశారు.

అతనాసియస్ 298 ప్రాంతంలో జన్మించారు. చిన్న వయసులోనే బిషప్పు అలెగ్జాండర్ వద్ద చేరి, చదువు నేర్చి, డీకన్ అయ్యారు. క్రైస్తవులపై రోమా ప్రభుత్వం సాగించిన హింస అప్పుడప్పుడే ముగిసింది. బయటి శత్రువు తగ్గాడనుకుంటుండగా సంఘం లోపలే పెద్ద చిక్కు వచ్చిపడింది.

పాటలుగా పాకిన బోధ

ఆ పట్టణంలోని ఒక దేవాలయ పెద్ద ఆరియస్. నిరాడంబరుడు, మంచి వక్త. క్రీస్తు కూడా దేవునిచే సృష్టింపబడినవాడేనని, ఆయన లేని కాలం ఒకటుండేదని 318 ప్రాంతంలో బోధించసాగాడు. ఈ బోధ వినడానికి తేలికగా ఉండేది. దేవుడొక్కడే అన్న మాటకు గౌరవంగానూ తోచేది. పైగా ఆరియస్ దానిని పాటలుగా కట్టాడు. ఓడవాళ్లు, తిరగలి విసిరేవాళ్లు, బాటసారులు ఆ పాటలు పాడుకునేవారని పాత చరిత్రకారులు రాశారు.

తగవు ముదరడంతో కాన్‌స్టంటైన్ చక్రవర్తి 325లో నైసియా పట్టణంలో సభ పిలిచాడు. నేటి టర్కీలోని ఇజ్నిక్ ఆ పట్టణమే. 318 మంది బిషప్పులు వచ్చారని సంప్రదాయం. అతనాసియస్ తమ బిషప్పు వెంట డీకన్‌గా వెళ్లారు.

అక్కడొక ఇబ్బంది ఎదురైంది. లేఖనాల్లోని ఏ మాట చెప్పినా ఆరియస్ పక్షం వారు ఒప్పుకుంటూనే, దానికి తమ అర్థం చెప్పుకున్నారు. చివరకు సభవారు లేఖనాల్లో లేని ఒక గ్రీకు మాటను ప్రమాణంలో చేర్చారు. తండ్రి, కుమారుల తత్వం ఒక్కటేనని దాని భావం. దానికి వేరే అర్థం లాగడం ఆరియస్ వర్గానికి సాధ్యపడలేదు.

అతనాసియస్ వాదన సామాన్యులకు కూడా బోధపడేది. క్రీస్తు సృష్టింపబడినవాడే అయితే ఆయనకు మొక్కడం సృష్టికి మొక్కడమే అవుతుంది. సృష్టింపబడినవాడు తోటి సృష్టిని మరణం నుంచి రక్షించలేడు. అందుచేత ఇది పండితుల మాటల తగవు కాదని, సంఘం చేసే ప్రార్థనకూ, పొందే రక్షణకూ సంబంధించినదని ఆయన పట్టుపట్టారు.

చేయి నరికారన్న నింద

328లో అలెగ్జాండర్ తర్వాత అతనాసియస్ బిషప్పు అయ్యారు. సిద్ధాంతంలో ఓడించలేనివారు నేరాలు మోపారు. అర్సేనియస్ అనే బిషప్పును చంపించి, మంత్రతంత్రాలకోసం అతని చేయి నరికించారని 335లో తూరు పట్టణ సభలో విచారణ జరిగింది. దాక్కున్న అర్సేనియస్‌ను అతనాసియస్ మనుషులు వెదికి పట్టుకున్నారని, రెండు చేతులతో సభలో నిలబెట్టారని చరిత్ర చెబుతోంది. అయినా శత్రువులు ఊరుకోలేదు. రాజధానికి వెళ్లే ధాన్యం ఓడలను ఆపుతానని ఆయన బెదిరించారని చక్రవర్తి చెవిన వేశారు. దాంతో నేటి జర్మనీలోని ట్రియర్‌కు పంపివేయబడ్డారు.

అతనాసియస్ వైపు తప్పులే లేవని చెప్పడానికి వీలులేదు. ఆయన పక్షంవారు వ్యతిరేకులను కొట్టారని తెలిపే ఆనాటి ఉత్తరమొకటి 1924లో ప్రచురింపబడింది. అధికారం కోసం జరిగిన పెనుగులాట కూడా ఆ తగవులో ఉంది.

అర్ధరాత్రి ముట్టడి

339లో రెండోసారి ఊరు విడిచి రోముకు చేరి, 346 వరకు తిరిగి రాలేకపోయారు. మూడోది మరీ భయంకరం. 356 ఫిబ్రవరిలో ఒక రాత్రి ప్రజలు దేవాలయంలో జాగరణ ప్రార్థన చేస్తుండగా సైనికులు చుట్టుముట్టారు. అతనాసియస్ ఆసనం దిగలేదు. 136వ కీర్తన చదవమని డీకన్‌కు చెప్పి, ప్రజలను పల్లవి అందుకోమన్నారు. జనం చాలావరకు బయటపడేదాకా తాను కదలలేదు. తర్వాత సన్యాసులు ఆయనను బలవంతంగా బయటకు చేర్చారు. ఎడారి మఠాల్లో ఆరేళ్లు తలదాచుకుంటూ పుస్తకాలు, ఉత్తరాలు రాశారు. చక్రవర్తి కాన్‌స్టాంటియస్ గట్టిగా వెదికించినా, పేద సన్యాసులు ఆయనను పట్టివ్వలేదు.

జూలియన్ చక్రవర్తి కాలంలో నాలుగోసారి, వాలెన్స్ కాలంలో అయిదోసారి ఊరు విడిచారు. 366లో తిరిగి వచ్చాక మరణం వరకు స్వస్థలంలోనే ఉన్నారు.

అర్థమే ముఖ్యం

ఇంత బాధపడినవాడు పగ తీర్చుకుంటాడని ఎవరైనా అనుకోవచ్చు. కాని 362లో అలెగ్జాండ్రియాలో జరిపిన సభలో ఆయన వేరే దారి పట్టారు. త్రిత్వాన్ని గురించి కొందరు ఒక మాట, మరికొందరు మరో మాట వాడుతూ ఒకరినొకరు దోషులంటున్నారు. ఇరుపక్షాలనూ కూర్చోబెట్టి, మీ మాటకు భావమేమిటని అడిగించారు. భావం ఒక్కటేనని తేలడంతో రెండు పక్షాలనూ కలుపుకున్నారు. మాట ఒక్కటై అర్థం వేరైన చోట నైసియాలో ఒప్పుకోని మనిషి, అర్థం ఒక్కటై మాట వేరైన చోట రాజీపడ్డారు.

పుస్తకాల విషయంలోనూ ఇదే జాగ్రత్త. అపొస్తలుల పేర్లు తగిలించిన రచనలు ఆ రోజుల్లో చాలా తిరిగేవి. 367లో ఈస్టరు సందర్భంగా సంఘాలకు రాసిన లేఖలో అతనాసియస్ కొత్త నిబంధన పుస్తకాల జాబితా ఇచ్చారు. నేటి తెలుగు బైబిలులో ఉన్న 27 పుస్తకాలే అందులోనూ ఉన్నాయి. తెలిసినంతలో సరిగ్గా ఈ 27నే చెప్పిన తొలి జాబితా అదే. ఆయన పేరుతో చెలామణి అయ్యే అతనాసియ విశ్వాస ప్రమాణం మాత్రం ఆయన రాసినది కాదు, తర్వాతి కాలంలో లాటిను భాషలో పుట్టినది.

ఆయన మరణించిన ఎనిమిదేళ్లకు, 381లో, కాన్‌స్టాంటినోపుల్ సభ నైసియా విశ్వాసాన్ని ఖాయపరచింది. ఆ విజయాన్ని అతనాసియస్ చూడలేదు. నైసియా సభకు 2025లో 1700 ఏళ్లు నిండాయి. బోధకుడి మంచితనాన్నో, పాట తీపినో చూసి బోధను నమ్మకుండా, దాని అర్థం ఎక్కడికి దారితీస్తుందో విచారించడం అతనాసియస్ సంఘానికి నేర్పిన పాఠం.