59 పౌండ్లకే న్యూయార్క్ తీసుకెళ్లాడు.. డాలర్ అప్పు దగ్గర దెబ్బతిన్నాడు!

కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి దిక్కు పోయే షేర్ ఆటో ఎక్కినవాళ్లందరికీ ఒక రూల్ తెలుసు. రిజర్వేషన్ ఉండదు. ముందు వచ్చినోళ్లకు సీటు. తిండి, నీళ్లు మన సంచిలో మనమే తెచ్చుకోవాలి. అందుకే ఛార్జీ తక్కువ. సరిగ్గా ఇదే రూల్‌ను లండన్-న్యూయార్క్ విమానానికి పెట్టిన మనిషి ఒకాయన ఉన్నారు. పేరు సర్ ఫ్రెడ్డీ లేకర్. ఈరోజు మనం నాలుగు వేలు పెట్టి విమానం ఎక్కుతున్నామంటే, ఆ ఆలోచనకు దారి వేసినవాళ్లలో ఆయన ముందుంటారు. ఆయన కంపెనీ మాత్రం 1982లో కుప్పకూలింది. ఎదిగిన తీరు ఎంత ముఖ్యమో, పడిపోయిన తీరు కూడా మనకు అంతే ముఖ్యం. ముఖ్యంగా ఉద్యోగాల వేటలో ఉన్నవాళ్లకు.

టీ అందించిన కుర్రాడు

లేకర్ 1922 ఆగస్టు 6న ఇంగ్లండ్‌లోని కాంటర్‌బరీలో పుట్టారు. చిన్నప్పుడే తండ్రి ఇల్లు వదిలి వెళ్లిపోయాడు. తల్లి ఇళ్లల్లో పాచిపనులు చేసి పెంచింది. పెద్ద చదువులేం లేవు. టీనేజ్‌లోనే రోచెస్టర్‌లో విమానాలు తయారుచేసే షార్ట్ బ్రదర్స్‌లో చేరారు. నేల ఊడ్వడం, టీలు అందించడం దగ్గర మొదలై ఇంజినీరింగ్ పని నేర్చుకున్నారు. రెండో ప్రపంచయుద్ధంలో విమానాలను ఒకచోటి నుంచి మరోచోటికి చేర్చే విభాగంలో పనిచేశారు.

యుద్ధం అయిపోయాక పాత విమానాలు, విడిభాగాలు కొని అమ్మడం మొదలుపెట్టారు. 42 వేల పౌండ్లకు 12 పాత విమానాలు కొన్నారు. అందులో 38 వేలు ఓ స్నేహితుడి దగ్గర తెచ్చిన అప్పే. అదృష్టం ఏంటంటే, 1948లో సోవియట్లు బెర్లిన్‌కు దారులు మూసేశారు. నగరానికి తిండి, బొగ్గు విమానాల్లోనే చేరవేయాల్సి వచ్చింది. లేకర్ విమానాలకు చేతినిండా పని దొరికింది. ఆ పని అయిపోయాక చాలా విమానాలను కరిగించి అల్యూమినియంగా అమ్మేశారు. గిరాకీ ఉన్నప్పుడు నడపడం, లేనప్పుడు తుక్కుకైనా వదిలించుకోవడం.. అప్పట్లో ఆయన లెక్క అంత క్లియర్‌గా ఉండేది.

పెళ్లి బస్సు లెక్క

1960లో ఏర్పడిన బ్రిటిష్ యునైటెడ్ ఎయిర్‌వేస్‌కు మేనేజింగ్ డైరెక్టర్ అయ్యారు. 1965లో బయటికొచ్చారు. అదే ఏడాది 17 ఏళ్ల కొడుకు కెవిన్ కారు ప్రమాదంలో చనిపోయాడు. ఆ దుఃఖంలోనే 1966లో గాట్విక్ కేంద్రంగా లేకర్ ఎయిర్‌వేస్ మొదలైంది.

మొదట్లో టికెట్లు అమ్మలేదు. సెలవుల ట్రిప్పులు నడిపే కంపెనీలకు విమానాన్ని గంటల లెక్కన అద్దెకిచ్చారు. పెళ్లికి బస్సు మాట్లాడుకున్నట్టే. సీట్లు నిండినా, సగం ఖాళీగా పోయినా బస్సు ఓనర్‌కు కిరాయి వస్తుంది కదా! రిస్క్ టూర్ కంపెనీది, గ్యారంటీ ఆదాయం లేకర్‌ది. తర్వాత యారోస్మిత్ హాలిడేస్ లాంటి టూర్ సంస్థలనూ కొని, విమానం, హాలిడే రెండూ తన గ్రూపులోనే ఉండేలా చూసుకున్నారు. 1972లో డీసీ-10 పెద్ద విమానాలు వచ్చాయి.

ఆరేళ్ల పోరాటం

1971లో స్కైట్రైన్ కోసం దరఖాస్తు పెట్టారు. ముందు బుకింగ్ లేదు. వచ్చి, లైన్‌లో నిలబడి, ఆరోజే టికెట్ కొని ఎక్కడమే. భోజనం కావాలంటే వేరే డబ్బులు. అప్పట్లో అట్లాంటిక్ టికెట్ల ధరలను విమాన సంస్థలన్నీ కలిసి ఒప్పందంతో నిర్ణయించేవి. కాబట్టి అడ్డంకులు గట్టిగానే వచ్చాయి. లైసెన్స్ వచ్చింది, మళ్లీ ప్రభుత్వమే అడ్డుకుంది. లేకర్ కోర్టుకెళ్లారు. 1976 డిసెంబర్‌లో అప్పీల్ కోర్టులోనూ గెలిచారు. 1977 సెప్టెంబర్ 26న మొదటి స్కైట్రైన్ ఎగిరింది. గాట్విక్ నుంచి న్యూయార్క్‌కు 59 పౌండ్లే. మామూలు జనం, స్టూడెంట్లు క్యూ కట్టారు. 1978లో ఆయనకు సర్ బిరుదు వచ్చింది.

డాలర్ దెబ్బ

ఇక్కడే కథ తిరిగింది. ఊపు మీద ఉన్న లేకర్ మరిన్ని డీసీ-10లు, 10 ఎయిర్‌బస్ ఏ300లు ఆర్డర్ పెట్టారు. అప్పు 35 కోట్ల డాలర్లకు చేరింది. 1979 మేలో షికాగోలో వేరే సంస్థ డీసీ-10 కూలి 273 మంది చనిపోయారు. దాంతో డీసీ-10లన్నిటినీ కొన్ని వారాలు నేల మీదే ఉంచారు. స్కైట్రైన్ నడిచేదే వాటితో. అదే సమయంలో ఇంధనం ధరలు ఎగబాకాయి.

అసలు గండి వేరే చోట పడింది. ఆదాయంలో ఎక్కువ భాగం పౌండ్లలో, అప్పుల కిస్తీలు డాలర్లలో. 1980 చివర్లో పౌండుకు దాదాపు 2.40 డాలర్లు వచ్చేవి. 1982 మొదటికల్లా అది 1.90 దరిదాపులకు పడిపోయింది. లెక్క వేయండి. 10 లక్షల డాలర్లు కట్టడానికి ముందు 4.17 లక్షల పౌండ్లు చాలు. తర్వాత 5.26 లక్షలు కావాలి. ఒక్క సీటు కూడా ఖాళీ లేకున్నా కిస్తీ నాలుగో వంతుకు పైగా పెరిగిపోయింది! అప్పుడే, 1981 శీతాకాలానికి ముందు, పాన్ అమెరికన్, టీడబ్ల్యూఏ, బ్రిటిష్ ఎయిర్‌వేస్ తమ ధరలను స్కైట్రైన్ స్థాయికి దించేశాయి. అదే ధరకు భోజనంతో సహా సీటు దొరుకుతుంటే క్యూలో ఎవరు నిలబడతారు?

1982 ఫిబ్రవరి 5న కంపెనీ మూతపడింది. 25 కోట్ల పౌండ్లకు పైబడిన అప్పు. దాదాపు 6 వేల మంది ప్రయాణికులు ఎక్కడివాళ్లు అక్కడే చిక్కుకుపోయారు. సిబ్బంది రోడ్డున పడ్డారు. అయినా జనానికి ఆయనంటే ఎంత అభిమానమంటే, కంపెనీని నిలబెట్టడానికి చందాలు పోగుచేశారు. పిల్లలు పాకెట్ మనీ కూడా పంపారు.

పెద్ద సంస్థలు కుమ్మక్కై తొక్కేశాయంటూ అమెరికా కోర్టులో కేసు పడింది. 1985లో రాజీ కుదిరి, లేకర్‌కు 80 లక్షల డాలర్లు వచ్చాయి. అప్పటికే 1984లో రిచర్డ్ బ్రాన్సన్ వర్జిన్ అట్లాంటిక్ మొదలుపెట్టి, ఆ బాటలోనే నడిచాడు. లేకర్ 1990ల్లో మళ్లీ విమానాలు నడిపారు గానీ పాత వైభవం రాలేదు. 2006 ఫిబ్రవరి 9న, 83 ఏళ్ల వయసులో, ఫ్లోరిడాలో కన్నుమూశారు.

మరి మనకేంటి?

నా మొదటి ఉద్యోగం ఓ స్టార్టప్‌లో. యాప్ అదుర్స్, ఆఫీస్ అదుర్స్. తొమ్మిది నెలలకు మూతపడింది. ఇంటర్వ్యూలో నేను జీతం అడిగా, టెక్నాలజీ అడిగా. డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది, అప్పు ఎక్కడ కట్టాలి అని ఒక్కసారి కూడా అడగలే. కస్టమర్లు ఇష్టపడటం వేరు, కంపెనీ బతకడం వేరు. లేకర్ కథ చదివాకే ఆ తేడా నాకు అర్థమైంది.

విదేశీ చదువుకు పోయేవాళ్లకూ ఇదే లెక్క వర్తిస్తుంది. లోన్ రూపాయల్లో మంజూరవుతుంది, ఫీజు డాలర్లలో కట్టాలి. రూపాయి పడితే మూడో సెమిస్టర్‌కు లోన్ చాలదు. అందుకే ఇవాళ్టి రేటుకు కాకుండా, డాలర్ పది శాతం పెరిగితే ఎంతవుతుందో కాగితం మీద వేసుకుని, అప్పుడు బ్యాంకుకు వెళ్లండి. తల్లి పాచిపనులు చేసి పెంచిన కుర్రాడు ప్రపంచానికి విమానం ఎక్కడం నేర్పాడు. ఆ ధైర్యం తప్పకుండా తెచ్చుకుందాం. దాంతోపాటు ఆ ఒక్క లెక్క కూడా మర్చిపోకుండా వేసుకుందాం.